డాబా మీద సున్నం

మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద ప్రతి చదరపు మీటరుకూ దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. ఒక ఇస్త్రీపెట్టె వాడే కరెంటు సుమారు అంతే. 50 చదరపు మీటర్ల శ్లాబు మీద యాభై ఇస్త్రీపెట్టెలు కాల్చి పేర్చినట్టన్నమాట. పాతబడి నల్లబారిన శ్లాబు ఆ ఎండలో ముప్పాతిక వంతును తాగేస్తుంది. తాగిన వేడి కాంక్రీటులో మెల్లగా కిందికి దిగి, కొన్ని గంటల తర్వాత గది పైకప్పును చేరుతుంది. అందుకే పొద్దు వాలాక ఇల్లు ఇంకా ఎక్కువ ఉడుకుతుంది, ఫ్యాను వేస్తే సెగే కొడుతుంది. రేకుల ఇంటికి ఆ కాస్త గడువు కూడా దొరకదు. ఎండ ఎక్కిన కొద్ది నిమిషాల్లోనే వేడి నెత్తి మీదికి దిగుతుంది.

దీనికి విరుగుడు రెండు దారుల్లో ఉంది: దిగే వేడికి అడ్డం కట్టడం, అసలు వేడిని ఎక్కనివ్వకపోవడం.

అడ్డం కట్టడానికి కదలని గాలిని మించింది దాదాపు లేదు. కాంక్రీటు ఉష్ణవాహకత 1.6 దరిదాపుల్లో ఉంటే, నిలిచిన గాలిది 0.025. అరవై రెట్లకు పైగా తేడా. తాటాకు ఇంటి చల్లదనం ఆకుల మధ్య చిక్కుకున్న గాలి చలవే. డాబా మీద మట్టికుండలు బోర్లించి పేర్చి, సందుల్లో ఇటుకముక్కలూ సున్నమూ కూరే పాత పద్ధతిలోనూ, థర్మోకోల్ పలకల్లోనూ ఉన్నది ఈ సూత్రమే. మందపాటి మట్టి పొర కూడా అడ్డే, కానీ దానితో వచ్చే చిక్కు బరువు. 10 సెంటీమీటర్ల మందాన మట్టి పరిస్తే చదరపు మీటరుకు 160 కిలోల వరకు బరువు పడుతుంది. 50 చదరపు మీటర్లకు అది 8 టన్నులు. రేకుల మీద ఆ మాటే ఎత్తలేం. పైగా పగలు పైనుంచి వచ్చే వేడిని ఆపిన పొరే, గోడల నుంచీ కిటికీల నుంచీ ఇంట్లో చేరిన వేడిని రాత్రిపూట పైకి పోనివ్వదు.

రెండో దారికి బరువు లేదు. ఒక బకెట్టు సున్నం, ఒక కుంచె చాలు.

పల్నాడులోని పిడుగురాళ్ల వంటి చోట్ల బట్టీల్లో సున్నపురాయిని 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రాయిలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది. మిగిలిన దాని మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. డాబా మీద పూశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. బట్టీలో విరిగిన రాయి డాబా మీద తిరిగి పలచని రాతిపొరగా మారుతుంది.

విచిత్రమేమిటంటే ఆ రాతిలో తెలుపు లేదు. మలినం లేని కాల్షియం కార్బొనేట్ స్ఫటికం, అంటే కాల్సైట్, గాజులా పారదర్శకం. పంచదార పలుకు మెరుస్తుంది, పొడి చేస్తే పాలలా తెల్లబడుతుంది. సున్నంలో జరిగేదీ అదే. రేణువు నుంచి గాలిలోకి, గాలి నుంచి మరో రేణువులోకి దూకే ప్రతిసారీ వెలుగు కొంచెం వంగుతుంది, కొంచెం వెనక్కి తిరుగుతుంది. వేల మలుపులు తిరిగి చివరికి వచ్చిన వైపుకే బయటపడుతుంది. వెల్ల వేసేవాళ్లకు ఈ సంగతి చేతి అనుభవం: కుంచె లాగినప్పుడు పూత మసకగా, కింది సిమెంటు కనపడేలా ఉంటుంది, ఆరేకొద్దీ తెల్లగా పైకి తేలుతుంది. తడిగా ఉన్నంతసేపు రేణువుల సందుల్లో నీరుంటుంది. నీరు ఆరి ఆ సందుల్లో గాలి చేరాకే తెలుపు పుడుతుంది. రాలకుండా ఉండాలని ఫెవికాల్ ఎక్కువగా కలిపితే తెలుపు తగ్గేదీ ఇందుకే. ఆ జిగురు గాలి చోటును ఆక్రమిస్తుంది. చక్కగా ఆరిన కొత్త పూత ఎండలో నూటికి 80 వంతుల దాకా తిప్పికొడుతుంది.

మిగిలిన 20 వంతుల సంగతి చూస్తే సున్నం గొప్పతనం పూర్తిగా తెలుస్తుంది. వేడెక్కిన ప్రతి వస్తువూ కంటికి కనపడని పరారుణ కిరణాలుగా వేడిని వెలువరిస్తుంది. ఎండ కిరణాలను తిప్పికొట్టే సున్నం ఈ పరారుణంలో కారునలుపు. ఆ కిరణాలను బాగా పీల్చే వస్తువే వాటిని బాగా వెలువరిస్తుంది కనుక, 40 డిగ్రీల దగ్గర సున్నపు పూత చదరపు మీటరుకు 490 వాట్ల దాకా పైకి వదులుతుంది. అందులో ఎక్కువ భాగం ఆకాశం తిరిగి పంపేస్తుంది. అయితే 8 నుంచి 13 మైక్రోమీటర్ల తరంగాలకు మాత్రం వాతావరణంలో ఒక కిటికీ తెరుచుకుని ఉంటుంది. డాబా వదిలే వేడిలో దాదాపు మూడో వంతు ఆ తరంగాల్లోనే ఉంటుంది గనుక కొంత నేరుగా అంతరిక్షానికి పోతుంది. శీతాకాలపు తెల్లవారుజామున ఆరుబయట నిలిపిన బండి సీటు మీద మంచు తడి చేరి, వసారాలోని బండి పొడిగా ఉండటం ఈ కిటికీ పనే. గాలిలో తేమ పెరిగితే కిటికీ మసకబారుతుంది. కోస్తా ఉక్కలో కన్నా రాయలసీమ పొడిగాలిలో రాత్రులు త్వరగా చల్లబడటానికి ఇదొక కారణం.

కొత్త జింకు రేకు సున్నానికి విరుద్ధం. తళతళ మెరుస్తూ ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది, కానీ పీల్చిన వేడిని పరారుణంగా వదలడానికి మొరాయిస్తుంది. వేడి లోపలే పోగుపడి చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. కంటికి మెరుపు కనిపించినంత మాత్రాన కప్పు చల్లగా ఉండదు. ఎండను తిప్పికొట్టే గుణం, వేడిని వదిలే గుణం రెండూ ఒకే పూతలో ఉండాలి. కప్పును చల్లగా ఉంచే కూల్ రూఫ్ పెయింట్లకు ఇచ్చే సౌర పరావర్తన సూచీ ఈ రెంటినీ కలిపి లెక్కగట్టేదే. అందులో ప్రామాణిక నలుపుకు 0, ప్రామాణిక తెలుపుకు 100.

తెల్ల కప్పుల మీద ప్రయోగాల కథ వేగంగా నడిచింది. హైదరాబాద్‌లోని కార్యాలయ భవనాల మీద అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, ట్రిపుల్ ఐటీ శాస్త్రవేత్తలు చేసిన కొలతలు 2012లో వెలువడ్డాయి. నల్లని కప్పును తెల్లగా మారిస్తే ఏడాదికి చదరపు మీటరుకు 20 నుంచి 22 యూనిట్లు, మామూలు కాంక్రీటు కప్పుకైతే 13 నుంచి 14 యూనిట్ల కరెంటు ఆదా అవుతుందని తేలింది. 2017లో అదే నగరంలోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పులపై తెల్లని పాలిథిలీన్ పొర పరిచారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రకటించి, అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో 2020లో 95.5 శాతం ఎండను తిప్పికొట్టే రంగు తయారైంది. అందులో వాడిన పొడి కాల్షియం కార్బొనేటే. మరుసటి ఏడాది బేరియం సల్ఫేట్‌తో అది 98.1 శాతానికి చేరింది.

సున్నానికున్న లోపం ఆయుష్షు. వానకు కరుగుతుంది, దుమ్ముకు మాస్తుంది, మాసిన మేరకు ఎండను తాగడం మొదలుపెడుతుంది. అందుకే డాబా కడిగి, నాచు గీకి, బాగా ఆరనిచ్చి, పలచగా రెండు పూతలు వేయాలి. మొదటిది ఆరాకే రెండోది. ఏటా ఉగాదికి ముందే ఈ పని ముగిస్తే ఎండాకాలమంతా పూత కాపు కాస్తుంది. వానాకాలం దాన్ని కడిగేసినా, అప్పటికి దాని పని అయిపోయి ఉంటుంది.