ట్లింగిట్ ప్రజలు - వారి భాష

తెలుగు బిడ్డ 'అమ్మా' అని పిలవాలంటే పెదవులు రెండూ కలవాలి. ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు లేని తెలుగును మనం ఊహించలేము. కాని ఆ హల్లులు దాదాపుగా కనిపించని భాష ఒకటి ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో ఉన్నది. అదే ట్లింగిట్. ఆ భాషలో తల్లిని 'ట్లా' అంటారు.

ట్లింగిట్లు అలాస్కా రాష్ట్రపు ఆగ్నేయ తీరంలోను, అక్కడి దీవులలోను, కెనడాలోని యూకాన్, బ్రిటిష్ కొలంబియా ప్రాంతాలలోను నివసిస్తున్నారు. 'లింగిట్' అంటే వారి భాషలో 'మనుషులు' అని అర్థం. సాల్మన్ చేపలు వారి ముఖ్యాహారం. దేవదారు జాతి మ్రానులతో ఇండ్లను, పడవలను, వంశచిహ్నాలు గల స్తంభాలను నిర్మించిన నేర్పరులు వారు. కొండమేక ఉన్నికి చెట్టునార జోడించి నేసిన చిల్కాట్ వస్త్రాలు వారి నేతపనికి నిదర్శనాలు.

వారి సమాజంలో మాలకాకి పక్షం, గ్రద్ద పక్షం అని రెండు శాఖలున్నాయి. కొన్నిచోట్ల గ్రద్దకు బదులు తోడేలు పేరు వాడుతారు. బిడ్డలకు తల్లి వంశమే సంక్రమిస్తుంది. పూర్వాచారం ప్రకారం ఒక పక్షంవారు రెండవ పక్షంవారినే వివాహమాడాలి. ఒక వంశంలో మరణం సంభవిస్తే అంత్యక్రియల భారాన్ని ఎదుటి పక్షంవారు వహిస్తారు. తరువాత మృతుని వంశీయులు విందు చేసి, కానుకలిచ్చి ఆ ఋణం తీర్చుకుంటారు. ఆ సభలో పెద్దల ప్రసంగాలు శోకతప్తులకు ఊరట కలిగిస్తాయి. అందుచేత ఆ భాష అంతరిస్తే పదాలతోపాటు దుఃఖాన్ని పంచుకొనే ఒక సంప్రదాయమూ మూగబోతుంది.

ట్లింగిట్ ధ్వనులు విలక్షణమైనవి. నాలుక అంచులు, కొండనాలుక, కంఠం వాటికి ముఖ్యస్థానాలు. కొన్ని హల్లులను గొంతు బిగించి చప్పున పలుకుతారు. 'స' వంటి ఊష్మాలను కూడా అలాగే పలకడం ప్రపంచ భాషలలో బహు అరుదు. తెలుగు క్రియకు ప్రత్యయాలు చివర చేరుతాయి. ట్లింగిట్ క్రియకు అనేకం ముందే చేరి, ఒక్క పదంలోనే వాక్యమంత భావాన్ని ఇముడ్చుతాయి.

ఇంతటి భాషకు కష్టకాలం దాపురించింది. 1804లో సిట్కా వద్ద ట్లింగిట్లు రష్యన్లతో పోరాడారు. 1867లో రష్యా అలాస్కాను 72 లక్షల డాలర్లకు అమెరికాకు విక్రయించింది. ఆ నేలపై తరతరాలుగా ఉన్నవారిని ఎవరూ సంప్రదించలేదు. 1882లో అమెరికా నౌకాదళం ఆంగూన్ గ్రామాన్ని ఫిరంగులతో ధ్వంసం చేసింది. అందుకు ఆ దళం క్షమాపణ చెప్పినది 2024లో. పాఠశాలలలో మాతృభాష పలికిన పిల్లలను శిక్షించారు. ఆ బాధ తమ సంతానానికి కలుగరాదని అనేకమంది తల్లిదండ్రులు ఇంట కూడా ఇంగ్లీషునే మాట్లాడసాగారు. భాషకు తగిలిన పెద్ద దెబ్బ ఇదే.

అయినా ట్లింగిట్లు నిరాశ చెందలేదు. ఎలిజబెత్ పెరట్రోవిచ్ అనే ట్లింగిట్ మహిళ చేసిన కృషి 1945లో అలాస్కాలో జాతివివక్షను నిషేధించే చట్టానికి తోడ్పడింది. నోరా మార్క్స్ డావెన్‌హావర్, ఆమె భర్త రిచర్డ్ పెద్దల కథలను, ప్రసంగాలను సేకరించి, ఇంగ్లీషు అనువాదంతో గ్రంథాలుగా ప్రకటించారు. 1982 నుండి జూనో నగరంలో రెండేండ్లకొకసారి సాంస్కృతికోత్సవం జరుగుతున్నది. 2014లో అలాస్కా ప్రభుత్వం ట్లింగిట్‌తో సహా 20 స్థానిక భాషలకు అధికార హోదా కల్పించింది. అయితే పాలన ఆ భాషలలో జరగాలన్న నిబంధన అందులో లేదు.

నేడు బాల్యం నుండి ట్లింగిట్ మాట్లాడుతూ పెరిగిన వృద్ధులు అతి స్వల్పసంఖ్యలో మిగిలి ఉన్నారు. యువతీయువకులు వారివద్ద, విశ్వవిద్యాలయ తరగతులలో ఆ భాషను నేర్చుకొంటున్నారు. గ్రంథం భాషను భద్రపరచగలదు, చట్టం గౌరవించగలదు. కాని దానికి ప్రాణం పోయగలిగినది ఇంట్లో పిల్లలతో మాట్లాడే మాట ఒక్కటే.