పందెం చూసేవాడే జడ్జి

అమెరికాలో డిస్కవరీ ఛానెల్ 2013 జూన్‌లో ‘స్ట్రీట్ ఔట్‌లాస్’ అనే రియాలిటీ షో మొదలుపెట్టింది. ఓక్లహోమా సిటీలో రాత్రిపూట జరిగే కార్ల పందేలే దానికి సరుకు. ఊళ్లో అందరికంటే వేగంగా పోయే పదిమందితో ఒక జాబితా ఉంటుంది. కిందివాడు పైవాణ్ని సవాలు చేస్తాడు, గెలిస్తే ఒక మెట్టెక్కుతాడు. అభిమానుల్లో మొదటినుంచీ రెండు పార్టీలు. ఇదంతా నిఖార్సయిన పందెమని ఒక పార్టీ. అనుమతి తీసుకుని రోడ్డు మూసి, గొడవలు ముందే రాసుకుని తీస్తున్నారని రెండో పార్టీ. రెండో పార్టీవాళ్లే ఒక్క ఎపిసోడూ వదలకుండా చూస్తారు!

ఆ షోలో జనం మనసు దోచుకున్నది స్పోర్ట్స్ కారు కాదు, ‘ఫార్మ్‌ట్రక్’ అనే 1970 నాటి షెవర్లే పికప్ బండి. పైకి చూస్తే యార్డుకు మిర్చి టిక్కీలు మోసే డొక్కు బండిలా ఉంటుంది. లోపల మాత్రం రాక్షసి ఇంజన్. ఎదుటివాడు నవ్వి పందెం ఒప్పుకుంటాడు, ఆ నవ్వు అక్కడితో సరి.

2018లో ఇదే కుటుంబం నుంచి ‘నో ప్రెప్ కింగ్స్’ వచ్చింది. పందేన్ని వీధిలోంచి రేస్ ట్రాక్ మీదికి తెచ్చారు. టైర్లకు పట్టు దొరికేలా ట్రాక్‌కు జిగురు పూయడం మానేశారు, అంతే తేడా. వీధి లేకపోయాక ఇదేం వీధి పందెమని పాత అభిమానులు గొణిగారు. గొణుగుడు సంగతి సరే, 2022 ఆగస్టులో లాస్ వేగస్ దగ్గర ఇంకో అనుబంధ షో షూటింగులో కారు బోల్తాపడి రయన్ ఫెలోస్ అనే 41 ఏళ్ల డ్రైవరు చనిపోయాడు. అంతా నాటకమే అన్నవాళ్లకు ఆ వారం మాట పెగిలి ఉండదు.

పందెం కార్లు బయల్దేరడానికి అమెరికా ట్రాకుల మీద 1963 నుంచి రంగు దీపాల స్తంభం వాడుతున్నారు. వీధిలో స్తంభమెక్కడిది? ఒక మనిషి టార్చిలైటు వెలిగిస్తాడు. సగం తగాదాలు ఆ వెలుగు దగ్గరే పుడతాయి: వెలగకముందే వాడు కదిలాడా, లేదా?

ఇక మన పల్నాడుకొద్దాం. ఇక్కడ పందెమంటే ఎద్దులది. నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు సంక్రాంతికీ తిరునాళ్లకూ బండలాగుడు పోటీలు పెడతారు. కాడికి కట్టిన ఒంగోలు గిత్తల జత ఒక రాతిబండను లాక్కుంటూ బరి చివరిదాకా పోయి, మళ్లీ తిరిగి వస్తుంది. ఇచ్చిన నిమిషాల్లో ఎంత దూరం లాగితే అంత. కొలత అడుగుల్లో, అంగుళాల్లో. రియాలిటీ షో అభిమానులకు లేని సుఖం ఇక్కడే ఉంది: కథ ఎవరైనా రాయొచ్చేమో కానీ, టేపు మీద అంగుళం ఎవరూ రాయలేరు. అయినా తగువు ఆగుతుందా! తోలేవాడు చెర్నాకోల ఎక్కువ ఝళిపించాడనీ, మలుపు దగ్గర బండ పక్కకు జారిందనీ, పొద్దున లాగిన జతకు చల్లపూట కలిసొచ్చిందనీ టీకొట్టు దగ్గర వారంపాటు తీర్పులు వస్తూనే ఉంటాయి. ఇప్పుడు పోటీలు సెల్‌ఫోన్లో లైవ్ కూడా వస్తున్నాయి కాబట్టి, బరి మొహం చూడని పెద్దమనిషి కూడా మంచం మీదినుంచే అడుగులు లెక్కపెడుతున్నాడు.

కార్ల పందేల్లో ఇంజన్ను బట్టి తరగతులుంటే, బండలాగుడులో పళ్లను బట్టి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. ఎద్దుకు పైదవడలో ముందుపళ్లు అసలుండవు. కిందిదవడలో ఎనిమిది. పాలపళ్లు ఊడి, వాటి చోట అసలు పళ్లు జతలు జతలుగా వస్తాయి కాబట్టి నోరు తెరిపించి చూస్తే వయసు తెలిసిపోతుంది. జనన ధ్రువపత్రం దిద్దొచ్చు, దవడను దిద్దడం కష్టం.

ఓడినవాడు కారునే అప్పగించాలన్న షరతుతో 2005లో స్పీడ్ ఛానెల్లో ‘పింక్స్’ అనే షో వచ్చింది. బండి కాగితాలు చేతులు మారుతుంటే జనం నోరెళ్లబెట్టి చూశారు. పల్నాటివాళ్లకు అదేమంత పెద్ద పందెం? పన్నెండో శతాబ్దంలో గురజాల మంత్రి నాగమ్మ కోడి చేతిలో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి కోడి ఓడితే మాచర్లవాళ్లు రాజ్యం వదిలి ఏడేళ్లు వలసపోయారని కథ.

ఆ పందెం కారెంపూడిలో ఇప్పటికీ ఏటా జరుగుతుంది. కార్తీక అమావాస్య నుంచి అయిదురోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాలుగోనాటి కోడిపోరులో నాగమ్మ పక్షం, బ్రహ్మనాయుడి పక్షం మళ్లీ ఎదురెదురు నిలుస్తాయి. ఫలితం ఎనిమిది వందల ఏళ్ల నుంచీ అందరికీ తెలుసు. అయినా ఇసకేస్తే రాలనంత జనం. ఫలితం తెలిస్తే పందెం చప్పబడుతుందని టీవీవాళ్లు ఎందుకంత భయపడతారో నాకర్థం కాదు.

నాగమ్మ మోసంతో గెలిచిందా, తెలివితో గెలిచిందా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆడదాని మంత్రిత్వం ఓర్వలేక ఆమెను దుష్టురాలిగా చూపారని ఆమె అభిమానులంటారు. నా ఓటు వాళ్లకే కొంచెం ఎక్కువ. సినిమాల్లో ఆ పాత్ర 1947లో కన్నాంబకూ, 1966లో భానుమతికీ దక్కింది. ఇద్దరూ కాకలు తీరినవాళ్లే. 1966 బ్రహ్మనాయుడు ఎన్టీ రామారావు.

తెలుగునేల మీద చట్టబద్ధంగా జరిగిన వీధి పందెం కూడా ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. పెట్రోలు చుక్క లేని విద్యుత్ కార్లు. జాన్ ఎరిక్ వెర్న్ మొదట వచ్చాడు. మూడో స్థానంలో గీత దాటినవాడు సెబాస్టియన్ బ్యూయెమి. పందెం ముగిశాక అతనికి పెనాల్టీ వేసి, ఆ స్థానం అంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు ఇచ్చారు. ఎదురుగా కూర్చుని చూసిన ఫలితం ఆఫీసుగదిలో మారిపోతే ప్రేక్షకుడికి ఎలా ఉంటుందో టేపు పట్టుకున్న పల్నాటి జనాన్ని అడగాలి.

అభిమానం హద్దు దాటితే బలయ్యేది ఆర్టీసీ బస్సే. అదే ఏడాది డిసెంబరు 17న బిగ్‌బాస్ తెలుగు ఏడో సీజన్ ఫైనల్ ముగిసిన రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట గుమిగూడిన గుంపు బస్సుల అద్దాలు పగలగొట్టింది. షో నడుస్తున్నన్నాళ్లూ ఇదంతా స్క్రిప్టేనని వాదించుకున్నారు. పగిలిన అద్దాలు మాత్రం స్క్రిప్టులోవి కావు.

ఓక్లహోమా షో చూసి ఎవరికైనా పిడుగురాళ్ల రోడ్డు మీద సరదా పుడితే ఒక్కమాట. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ వర్తిస్తుంది. పాతకాలంలో జుల్మానా 500 రూపాయల దాకా. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడునెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జుల్మానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా 10,000 దాకా జుల్మానా, లేదా రెండూ. టార్చిలైటు పట్టుకుని నిలబడ్డవాడు కూడా పందెం జరిపించినవాడి లెక్కలోకి రావచ్చు.