టీచరు ఇంగ్లిష్ తడబడితే

‘టీచరుకే ఇంగ్లిష్ సరిగ్గా రాదు, ఇక మా పిల్లలకేం నేర్పుతారు?’ బడికి వచ్చే తల్లిదండ్రుల నోట తరచూ వినిపించే మాట ఇది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తమ బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టాలని నిర్ణయించింది. 2022–23 నుంచి తెలంగాణ కూడా అదే బాట పట్టింది. దాంతో తెలుగులో చదువుకుని, ఏళ్ల తరబడి తెలుగులోనే పాఠాలు చెప్పిన ఎంతోమంది ఉపాధ్యాయులు ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చింది. బావిలో లేని నీళ్లు బొక్కెనలోకి ఎలా వస్తాయన్నది తల్లిదండ్రుల దిగులు. కానీ పిల్లలు భాషను ఒక్క బావి నుంచే తోడుకోరు. తోడుకున్నదాన్ని ఉన్నదున్నట్టు దాచుకోరు కూడా.

దీనికి గట్టి సాక్ష్యం అమెరికాలో ఒక బధిర బాలుడి మీద జరిగిన అధ్యయనం. జెన్నీ సింగిల్టన్, ఎలిస్సా న్యూపోర్ట్ 2004లో ప్రచురించిన ఆ పరిశోధనలో ఆ బాబును సైమన్ అని పిలిచారు. అతని తల్లిదండ్రులూ బధిరులే. వాళ్లు అమెరికన్ సంజ్ఞాభాషను 15 ఏళ్లు దాటాకే నేర్చుకోవడంతో తప్పులు దొర్లేవి. బడిలో ఆ భాష వాడేవాళ్లు లేరు కాబట్టి సైమన్‌కు గురువులు ఆ ఇద్దరే. అయినా ఏడేళ్లప్పుడు పరీక్షించి చూస్తే, కదలికలను చెప్పే క్రియల్లో చాలా అంశాలను తల్లిదండ్రులు సుమారు 70 శాతం సరిగ్గా వాడితే, అతను 90 శాతానికి దగ్గరగా వచ్చాడు. ఎక్కువసార్లు కనిపించిన రూపాన్ని నియమంగా పట్టుకున్నాడు, అప్పుడప్పుడు దొర్లిన తప్పును వదిలేశాడు. చిన్న బుర్ర తనంతట తాను చేసే ఈ వడపోత కన్నా ధైర్యమిచ్చే విషయం నాకు మరొకటి కనిపించదు.

పొద్దస్తమానం ఇంట్లో చూసిన భాషకూ, బడిలో ఉన్న కాసేపే వినే ఇంగ్లిష్‌కూ పోలికేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైగా, తల్లిదండ్రులు సగానికి పైగా తప్పిన చోట సైమన్ కూడా వాళ్లను పెద్దగా దాటలేకపోయాడు. కాబట్టి టీచరు తప్పుల వల్ల నష్టమే లేదనడం కుదరదు. సరైన రూపాలు మరోవైపు నుంచి, పదే పదే అందాలి. అలా అందించిన చోట ఏమవుతుందో ఫిజీ దీవుల్లో చూశారు. 1980లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అక్కడి పల్లె బడుల్లో 4, 5 తరగతులకు 250 చొప్పున ఇంగ్లిష్ కథల పుస్తకాలు ఇచ్చారు. ఇంగ్లిష్ ఆ పిల్లలకు ఇంటి భాష కాదు. మామూలు పాఠాలతో సరిపెట్టిన తరగతుల కన్నా పుస్తకాలు అందిన తరగతుల పిల్లలు చదవడంలో దాదాపు రెట్టింపు వేగంతో ఎదిగారు. టీచర్లను మార్చి సాధించిన ఫలితం కాదిది.

అసలైన నష్టం మరోచోట ఉందని నా అభిప్రాయం. కిరణజన్య సంయోగక్రియను ఇంగ్లిష్‌లో వివరించలేని సైన్సు టీచరు, తప్పు దొర్లుతుందన్న భయంతో నోట్సు రాయించి బట్టీ పట్టిస్తే, పిల్లవాడికి ఇంగ్లిష్ రాదు, సైన్సూ రాదు. ఆ టీచరును తెలుగులో చెప్పనివ్వడమే దానికి విరుగుడు. రెండు రాష్ట్రాలూ ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిష్ పాఠాలతో పుస్తకాలు అచ్చు వేసింది ఇందుకే కదా! తెలుగు మాట వినబడితే చాలు చదువు వృథా అయిందనుకునే తల్లిదండ్రులు టీచరును బట్టీ వైపే తోస్తున్నారు.

ఏది తప్పు అన్నదీ ఆలోచించాలి. యాసను తప్పుగా లెక్కగట్టే అలవాటు మనకు పాతదే. వాడుక భాషను కూడా అలాగే తప్పుగా చూసి బడిలోకి రానివ్వని పండితుల గ్రాంథిక రచనల్లోనే తప్పులున్నాయని గిడుగు రామమూర్తి ఏరి చూపించారు. తెలుగు యాసతో ఇంగ్లిష్ పలికే టీచరును చూసి ఇంట్లో నవ్వితే, పిల్లవాడు నేర్చుకునేది నోరు విప్పకుండా ఉండడమే. వ్యాకరణ దోషం సంగతి వేరు, దాన్ని వదిలేయనక్కర్లేదు. క్లాసు అయ్యాక పుస్తకం తెరిచి ‘సార్, ఇందులో ఇలా ఉంది, ఏది రాయమంటారు?’ అని పిల్లవాడే అడగవచ్చు. జవాబు తెలియని టీచరు ‘రేపు చూసి చెబుతాను’ అని, మర్నాడు నిజంగానే చూసి చెబితే, అతని ఇంగ్లిష్ ఎలా ఉన్నా ఆ పిల్లవాడు మంచి చేతుల్లోనే ఉన్నాడు. అడిగినందుకు కసిరే చోట మాత్రం తల్లిదండ్రులు హెడ్మాస్టరును కలవాల్సిందే. వెళ్లినప్పుడు టీచర్లకు శిక్షణ ఎప్పుడు ఇస్తారో, లైబ్రరీ బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో కూడా అడగాలి.