తీగె తెగినచోటును వెదకుట

ఇంటిలో నొక యంత్రము పలుకకున్నచో ఆడువారికి సాధారణముగా వినవచ్చు మాట, "నీకు తెలియదు, తాకవద్దు" అనునదియే. కుట్టుమిషను చెడినను, గోడ రేడియో చెడినను, నేడు కంప్యూటరు చెడినను, అరచేతి ఫోను చెడినను మాట యొక్కటే. ఈ మాట యెంతవరకు న్యాయమో విచారింపగోరి, యంత్రములు తెలిసినవారని పేరుపడినవారు మొదట తమ యంత్రములలోని తప్పుల నెట్లు వెదకుకొనిరో, ఒకరి కొకరేమని చెప్పుకొనిరో మేము కొంత చదివితిమి. చదువగా తేలిన దేమనగా, ఆ విద్యలో సగము యంత్రవిద్య కానేకాదు. చూచినది చూచినట్లు వరుసగా చెప్పగల నేర్పే యది. సోదరీమణుల కా వృత్తాంతమును చెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

1978వ సంవత్సరము జనవరిలో అమెరికాలోని చికాగో ప్రాంతమున మంచు విపరీతముగా కురిసెను. ఇల్లు వెడల వీలులేక చిక్కుపడిన వార్డ్ క్రిస్టెన్సెన్ అను నతడు తన మిత్రుడగు రాండీ సూస్‌తో టెలిఫోనులో ఆలోచించి యొక పని తలపెట్టెను. వారిద్దరు నొక కంప్యూటరు సంఘములో సభ్యులు. సభ్యులు తమ ప్రకటనలను చీటీలపై వ్రాసి పలకకు గ్రుచ్చుట వాడుక. ఆ పలకనే యొక కంప్యూటరులో నుంచినచో, ఎవరి యింట వారుండియే టెలిఫోను ద్వారా చదువుకొనవచ్చును, వ్రాయవచ్చును గదా యని వారి తలంపు. క్రిస్టెన్సెన్ ప్రోగ్రాము వ్రాసెను. సూస్ యంత్రభాగములు కూర్చెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరి 16వ తేదీన పలక తెరువబడెను. దానిపేరు సీ.బీ.బీ.ఎస్. యంత్రము సూస్ ఇంటనే యుండెను. దానికున్నది యొక్కటే టెలిఫోను తీగె యగుటచే నొకసారి కొక్కరే లోనికి రాగలరు. ఒకే చేద యున్న బావివద్ద ఒకరు తోడుకొని పోయినపిదప మఱియొకరు వచ్చినట్లు, వంతున వచ్చి చదివి, వ్రాసి, వెడలుచుండిరి.

సూస్ చేసిన యేర్పాటులలో నొకటి మాకు మిక్కిలి నచ్చినది. టెలిఫోను మ్రోగిన ప్రతిసారియు యంత్రము క్రొత్తగా మేల్కొని, ఫ్లాపీనుండి తన ప్రోగ్రామును మరల నెక్కించుకొనును. ముందువచ్చినవా డేమి చిక్కుచేసి పోయినను తరువాతివానికి ముగ్గువేసిన వాకిలివలె శుభ్రముగానే యుండును.

ఈ పనికి మోడె మను చిన్నపెట్టె కావలయును. కంప్యూటరునకు తెలిసినవి సున్నయు నొకటియు, అంతే. టెలిఫోను తీగెకు తెలిసినది ధ్వని యొక్కటే. మోడెము ఈ యిద్దరి నడుమ దుబాసి. ఆనాటి పద్ధతిలో పిలిచినవారి మోడెము సున్నకు సెకనునకు 1070 కంపనముల స్వరమును, ఒకటికి 1270 కంపనముల స్వరమును పలుకును. అవతలి మోడెము 2025, 2225 కంపనముల స్వరములతో బదులు చెప్పును. ఇరువురి స్థాయియు వేరగుటచే నొక్కసారిగా మాటలాడినను కలగాపులగము కాదు. వేగము సెకనునకు సుమారు 30 అక్షరములు. అనగా మనము కన్నులతో చదువు వేగమున కించుమించు సమానము.

కాని టెలిఫోను తీగె మనుష్యుల మాటకొఱకు వేసినది. దానిపై గరగర పుట్టినచో మనుష్యుడు "ఏమంటివి?" అని యడుగును. యంత్రమున కా నేర్పు లేదు. గరగరను కూడ అక్షరములే యనుకొని వ్రాసికొనును. ఉత్తరమున రెండక్షరములు తప్పినను అర్థము తెలియును గాని, ప్రోగ్రాములో నొక్కటి తప్పినను పనికిరాదు. దీనికి క్రిస్టెన్సెన్ అంతకు ముందే 1977లో నొక యుపాయము కల్పించియుండెను. అదియే పిమ్మట ఎక్స్‌మోడెమను పేర ప్రసిద్ధికెక్కినది.

మన పద్యములు తెలిసినవారికి దీనిని తెలిసికొనుట సులభము. తాళపత్రమును చూచి వ్రాయు లేఖకు డొక యక్షరమును విడిచెననుకొందము. శార్దూలపాదమున 19 అక్షరము లుండవలెను. లెక్కకు 18 వచ్చినచో తప్పు జరిగినదని తెలిసిపోవును. ప్రాస చెడినచో మఱింత త్వరగా తెలియును. అర్థము తెలియకున్నను లెక్క తప్పినదని చెప్పవచ్చును. వైదికులు పదమని, క్రమమని, జటయని, ఘనయని ఒకే మంత్రమును పలువిధముల త్రిప్పి చెప్పుటయు అక్షరము జారిపోకుండుటకే గదా. ఎక్స్‌మోడెములో 128 అక్షరముల నొక కట్టగా కట్టుదురు. కంప్యూటరులో ప్రతి యక్షరమునకు నొక సంఖ్య కలదు. కట్టలోని సంఖ్యల నన్నిటిని కూడి, 256చే భాగించి, మిగిలిన శేషమును కట్టతోకూడ పంపుదురు. అందుకొన్న యంత్రము తానును కూడి చూచును. లెక్క సరిపడినచో "అందినది" అనును. సరిపడనిచో "మరల పంపుము" అనును. పదిమారులు తప్పినచో నాపివేయుదురు. రెండు తప్పు లొకదాని నొకటి సరిపెట్టుకొన్నచో మాత్ర మీ లెక్క మోసపోవును. పిమ్మట వచ్చిన పద్ధతు లా లోపమును చాలవఱకు తీర్చినవి.

ఇంతవఱకు యంత్రము తన తప్పును తాను దిద్దుకొన్న కథ. ఇక యంత్రములు గలవా రొకరి కొకరు తోడ్పడిన కథ యున్నది. మాకు ముఖ్యమైనది యిదియే.

ఇటువంటి పలకలు కొలదికాలములోనే అనేకములు వెలసినవి. వానిపై కనబడు ప్రశ్నలలో పెక్కులు, ఆ పలకకు వచ్చుటకే కావలసిన యంత్రమును గూర్చినవి! ఇందొక విచిత్రమున్నది. తీగె తెగినవాడు తీగె తెగినదని చెప్పుటకు తీగె కావలెను. మిత్రుని యింటికి పోయి వాని యంత్రమునుండి అడుగవలసినదే. లేదా తెలిసినవానిని టెలిఫోనులో నోటితో అడుగవలెను. కాని పెక్కిండ్ల నొక్కటే తీగె యుండుటచే, అతడు చెప్పినది విని, ఫోను పెట్టివేసి, మోడెముతో ప్రయత్నించి, విఫలమైనచో మరల పిలువవలెను. ఇంత శ్రమ యుండుటవలన అడుగువా డొక్కసారియే సమస్తమును సరిగా చెప్పుట యలవాటు చేసికొనవలసి వచ్చెను. "నా మోడెము పనిచేయదు" అన్న ప్రశ్నకు బదులు రాదు. యంత్ర మేది, మోడె మేది, వేగ మెంత, తెరపై నేమి కనబడెను, నిన్నటికిని నేటికిని ఏమి మారినది అని వ్రాసినవానికి బదులు వచ్చును.

తెరపై కనబడిన పిచ్చియక్షరములను చూచియే రోగమును పోల్చువారుండిరి. అన్నియు పిచ్చిగానే యున్నచో నిరువైపుల వేగములు కలియలేదు. మాటల నడుమ అప్పుడప్పుడు మాత్రము చెత్త పడినచో తీగెపై గరగర. సుమారు సగ మక్షరములు చక్కగా నుండి, తక్కిన సగము వింతగా నున్నచో పారిటీ యను సరిబేసి గుర్తు కుదురలేదు. ఇది యేలన, కొందరు ప్రతి యక్షరమునకు 7 గుర్తులను వాడి, ఎనిమిదవదానిని ఒకట్ల సంఖ్య సరియగునట్లు చేర్చుదురు. అవతలివాడు 8 గుర్తులును అక్షరములోనివే యనుకొన్నచో, ఒకట్లు బేసిగానున్న యక్షరములన్నియు మాఱుపేరుతో కనబడును. నాడి చూచిన వైద్యునివలె, "సగము బాగున్నదా, అయిన నీ వేగము సరియే, పారిటీ మార్చుము" అని యెన్నడు చూడని దూరమునుండి చెప్పగలుగుట మా కాశ్చర్యముగా నున్నది.

వెదకుటలోని మూలసూత్రమును మన పెద్ద లెఱుగనిది కాదు. తర్కమున నన్వయవ్యతిరేకము లందురు. ఇది యున్నప్పు డదియు నున్నదా? ఇది లేనప్పు డదియు లేదా? ఒక్కసారి యొక్కదానినే మార్చి చూడవలెను. రెండు మార్చినచో బాగుపడినను దేనివలన బాగుపడెనో తెలియదు. దారిని సగముచేసి చూచుటయు మఱియొక పద్ధతి. కంప్యూటరు, దానినుండి మోడెమునకు పోవు తీగె, మోడెము, టెలిఫోను తీగె, అవతలి మోడెము, అవతలి కంప్యూటరు, ఇది దారి. మోడెమును తీసివేసి, తీగెకొనయందున్న ప్లగ్గులో 2వ పిన్నును 3వ పిన్నును చిన్న లోహపుముక్కతో కలుపుదురు. ఒకటి పంపునది, రెండవది అందుకొనునది. అట్లు కలిపి మీటపై నొక యక్షరము కొట్టినచో, ఆ యక్షరము పోయి మరలి వచ్చి తెరపై కనబడవలెను. కనబడినచో కంప్యూటరును తీగెయు నిర్దోషులు, దోషము మోడెమునందో దానికి ఆవలనో. కాగితములకు తగిలించు తీగెముక్క యొక్కటి సగము దారిని నిర్దోషిగా తేల్చినది!

కొన్ని తప్పులు యంత్రమున లేవు, ఇంటిలో నున్నవి. అమెరికా యిండ్లలో నొకే తీగెకు వంటయింట నొకటి, పడకగదిలో నొకటి టెలిఫోను తగిలించుట వాడుక. కుమారుడు గంటసేపటినుండి యొక ఫైలు తెచ్చుకొనుచుండగా తల్లి యెవరినో పిలువనెంచి వంటయింటి ఫోను నెత్తినచో స్వరము చెదరి తీగె తెగును. నింద తల్లిపై పడును. తనయింటి ఫోనును తా నెత్తుట నేరమెట్లగునో మాకు తెలియకున్నది. అటులనే, మాటలాడుచుండగా మఱియొకరు పిలుచుచున్నారని తెలుపు చిన్న శబ్దము వచ్చు నేర్పాటు కొన్ని తీగెలకుండెడిది. ఆ శబ్దమునకే మోడెము జడిసి విడిచిపెట్టెడిది. "సాయంకాలములందే తెగుచున్నది, ఉదయము తెగదు" అని వ్రాసినవానికి, తెలిసినవారు నక్షత్రపు గుర్తును 70యు ముందు నొక్కి పిలువుమని చెప్పుచుండిరి. దానితో నా పిలుపువఱకు శబ్దము నిలిచిపోవును. ఇచ్చట రోగమును పట్టి యిచ్చినది యంత్రజ్ఞానము కాదు, సాయంకాలమును ఉదయమును వేరుచేసి గమనించుట.

ఐ.బీ.ఎం. పీసీలలో నింకొక వింత. అందు మోడెము, మౌసు మొదలైనవానిని తగిలించు ద్వారములకు 1 మొదలు 4 వఱకు సంఖ్యలు. సాధారణముగా 1, 3 ద్వారములకు 4వ సంఖ్యగల గంట యొక్కటే. 2, 4 ద్వారములకు 3వ సంఖ్యగల గంట యొక్కటే. మౌసు 1లోను, మోడెము 3లోను ఉన్నచో, మౌసు కదలినప్పుడు మోడెము స్తంభించిపోవును. ఒక గంటకు ఇద్దరు పలుకు నింట పని యెట్లు సాగును? రెండును వేరువేరుగా పరీక్షించినచో రెండును మంచివే. కలిసినప్పుడే కలహము. అత్తాకోడండ్ర విషయమున నిట్టి న్యాయము నెవరైనను చెప్పియున్న బాగుండెడిది.

1984లో సాన్‌ఫ్రాన్సిస్కో వాసి టామ్ జెన్నింగ్స్ ఫిడోనెట్టను నొక పద్ధతి కల్పించెను. రాత్రి టెలిఫోను వెల తక్కువ యగుటచే, ఒక పలక మఱియొక పలకను నడిరేయి తానే పిలిచి యుత్తరములు పంపును. ఇందులకు పలకల సంఖ్యల పట్టిక యొకటి యుండెను. మొదటి దినములలో పట్టికలో నొక సంఖ్య తప్పుగా పడినది. దానివలన నే సంబంధము లేని యొక ముదుసలి యింట రాత్రివేళ టెలిఫోను మ్రోగుచుండెడిది. ఎత్తినచో యంత్రపు కూతయే గాని మనిషి మాట లేదు. యంత్రమునకు సిగ్గులేదు గనుక మరల మరల పిలిచెను. తీగెకు చెవియొగ్గి మనిషి గొంతు విన్న తరువాతగాని తప్పు బయటపడలేదు. పట్టికను కుదురుగా నుంచు భార మప్పటినుండియు వారికి పెద్దపనియైనది.

ఈ సహాయమునకు మూల్యము లేదు. బాగుపడినవాడు మరల వచ్చి యేమి చేయగా బాగుపడెనో వ్రాయవలెనన్న మర్యాద మాత్ర ముండెను. ఆ చివరి మాట వ్రాయక మాయమైనవానివలన తరువాతివా డదే గోతిలో పడును.

అయినను ఈ పలకలపై ఆడువారు చాల తక్కువ. తెలియని దడిగినచో నవ్వుదురను సంకోచ మొకటి, నవ్వువా రుండుట రెండవది. 1990లో న్యూయార్కు నగరమున స్టేసీ హార్న్ అను నామె యెకో యను కూటమిని తన యింటనే స్థాపించి, ఆడువారిని రప్పించుటకు ప్రత్యేకముగా పాటుపడెను. అందు సభ్యులలో నూటికి సుమారు 40 మంది స్త్రీలైరి. ఆ దినములలో నది యపూర్వము. మోడెములును, తీగెలును, వాని చిక్కులును ఆమె యింటను అందరి యింటివంటివే.

మన దేశమున 1995 ఆగస్టు 15వ తేదీనుండి విదేశ్ సంచార్ నిగమ్ వారు ప్రజలకు ఇంటర్నెట్టు నిచ్చిరి. మోడెము కూత మన యిండ్లలోను వినబడెను. నేడు పెక్కిండ్ల నా కూత లేదు. గాజుతీగె వచ్చినది, గోడకు దీపముల పెట్టె వచ్చినది. కాని దారిని సగముచేయు పద్ధతి యిప్పటికిని చెల్లును. పెట్టెపై లాస్ అను దీప మెఱ్ఱగా వెలిగినచో వెలుగు బయటినుండి పెట్టెకు చేరుటలేదు, దోషము గాజుతీగెలోనో దానికి వెలుపలనో. ఆ దీప మెఱ్ఱగా లేక, పెట్టెప్రక్కన ఫోను చక్కగా పనిచేసి, వెనుకగదిలో పనిచేయనిచో నడుమనున్న గోడలను చూడవలెను. ఒక ఫోనునకు వచ్చి మఱియొకదానికి రానిచో రెండవ ఫోనును చూడవలెను. కంపెనీవారిని పిలిచినప్పుడు వారు మొదట పెట్టెను ఆర్పి వెలిగింపు మందురు. అది మనలను వదల్చుకొనుటకు చెప్పు మాట యని కొందఱికి కోపము. సూస్ తన యింటి యంత్రమునకు 1978లో చేసిన యేర్పాటే యది. ఆర్పి, కొంచె మాగి, వెలిగించి, ఏ దీప మే రంగున నున్నదో కాగితముపై వ్రాసికొని, పిమ్మట వారితో మాటలాడవలెను.