వరిపైరులోని కావలివారు

సార్వా వరి పొట్టకు రాబోవు దినములలో నాలుగు రోజులు ముసురు పట్టి గాలి వీచినచో, అంతవరకు నవనవలాడుచున్న చేను ఆకు కొనలనుండి గడ్డిరంగునకు తిరుగుట మన రైతులు ఎరుగని సంగతి కాదు. ఆకు అంచులవెంట అలలవంటి పసుపుచార బయలుదేరి క్రమముగా క్రిందికి దిగును. ఇదియే బాక్టీరియా ఎండాకు తెగులు. ఇది చేనంతట వ్యాపించిన పిమ్మట మందులతో నివారించుట మిక్కిలి కష్టము. దుకాణమునకు చెల్లించిన సొమ్ము చాలవరకు వృథా యగును. దీనికి నమ్మదగిన మందు విత్తనములోనే యుండవలెను. అది విత్తనములో ఏ రూపమున నుండునో, ఎట్లు పనిచేయునో తెలిసికొనుట రైతునకు వట్టి వినోదము గాదు.

మొక్కకు కన్నులు లేవు, చెవులు లేవు. అయినను తన చుట్టును జరుగు మార్పులను అది గుర్తింపగలదు. కణముల పైపొరలో కొన్ని మాంసకృత్తులు నాటుకొని యుండును. వాని యందొక భాగము పొరకు వెలుపలను, మరియొక భాగము లోపలను ఉండును. తనకు తగిన పదార్థము వెలుపలి భాగమునకు తగిలినంతనే లోపలి భాగము మేల్కొని ఆ వార్తను కణములోనికి అందజేయును. వీనికి గ్రాహకములని పేరు. వీని నిర్మాణమునకు వలయు ఆజ్ఞలు జన్యువులలో నున్నవి. వరిలో ఈ తరగతి జన్యువులు వేయికి పైగా గలవు. విశేషమేమన, పెరుగుదల వార్తలను అందుకొనునవియు, శత్రువు రాకను పసికట్టునవియు ఒకే కుటుంబమునకు చెందినవి. పెరుగుదలకు సంబంధించిన అట్టి గ్రాహక మొకటి చెడిన వరి కురుచయై, ఆకులు నిటారుగా నిలిచి యుండును.

ఎండాకు తెగులును పసికట్టు గ్రాహకము ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరినుండి వచ్చినది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ గారును వారి సహచరులును ఆ గుణమును సంకరణముచే సాగువరిలోనికి తెచ్చిరి. ఆ జన్యువునకు ఎక్స్‌ఏ 21 అని పేరు. 1995లో అమెరికాలోని డేవిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పమేలా రోనాల్డ్ గారి బృందము దానిని వేరుపరచి, అది గ్రాహకమును నిర్మించు జన్యువని చూపినది.

ఆ గ్రాహకము క్రిమియందు దేనిని గుర్తించుచున్నదో తెలియుటకు మరి యిరువది యేండ్లు పట్టినది. 2015లో బయల్పడిన ఆ పదార్థము రాక్స్‌ఎక్స్ అను చిన్న మాంసకృత్తు. మొక్క తన పెరుగుదలకై తానే తయారుచేసికొను పి.ఎస్.వై. అను పదార్థమును ఇది పోలియున్నది. 2022లో జపాను శాస్త్రజ్ఞులు ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్కపై పరిశోధించి, పి.ఎస్.వై. తగిలినపుడు మొక్క పెరుగుదలకు పూనుకొనుననియు, అది లేనపుడు ఆపదను ఎదుర్కొను పనికి దిగుననియు కనుగొనిరి. ఈ రెండింటిని కలిపి చూచిన క్రిమి తంత్రము బోధపడగలదు. అది యింటివారి ముద్రనే దొంగిలించి, మొక్కను ఏమరించి, తన పని చక్కబెట్టుకొన జూచుచున్నది. ఎక్స్‌ఏ 21 మాత్రము దొంగముద్రకే మేల్కొనును; మొక్క సొంత ముద్రను చూచి కలవరపడదు. మంచి కావలివాని లక్షణ మిదియే గదా!

కావలివాడు మితిమీరి ప్రవర్తించినను ఇల్లు చెడును. అందుచే శత్రువు లేని వేళ ఈ గ్రాహకమును అణచి యుంచుటకు వరిలో వేరు మాంసకృత్తులు కలవు. అట్టి అణకువ నిచ్చు నొకదానిని తొలగించి చూడగా, మొక్క కణములు అక్కడక్కడ తమంతట తామే చచ్చినవి. ఎదుగుదలయు రక్షణయు ఒకే ధాన్యపు కొట్టునుండి ఖర్చు పెట్టవలసిన రెండు పద్దుల వంటివి. ఒకదానికి మితిమీరి పెట్టిన రెండవది కుంటుపడును.

ఒక్క కావలివానినే నమ్ముకొనుటయు క్షేమము కాదు. క్రిమి తన రూపు మార్చి వానిని తప్పించుకొనగలదు. ఈ సంగతి యెరిగి హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును, నేడు భారతీయ వరి పరిశోధన సంస్థగా పిలువబడుచున్న సంస్థయు కలిసి, 1986లో బాపట్లనుండి విడుదలైన సాంబ మసూరిలోనికి ఎక్స్‌ఏ 21తో పాటు ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 అను మరి రెండు జన్యువులను చేర్చిరి. ఈ రెండును గ్రాహకములు కావు. క్రిమి లోన ప్రవేశించిన పిమ్మట మొక్క సాధనములను తన కనువుగా వాడుకొనకుండ అడ్డుపడునవి. ఇట్లు 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదల యైనది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. సంకరణము చేసి, వలసిన జన్యువులున్న మొక్కలను ప్రయోగశాలలో గుర్తించి ఏరిన రకము.

ఇక మన కర్తవ్యము. ఈ రకపు గింజ పాత సాంబ మసూరి గింజను పోలియుండును గనుక కంటితో చూచి విత్తనమును నిర్ణయింపరాదు; నమ్మకమైన చోటనే తీసికొని, కల్తీ కాకుండ కాపాడవలెను. ఎక్స్‌ఏ 21 బలము లేతనారులో తక్కువ, ముదిరిన పైరులో ఎక్కువ. కావున నారుమడి దశలో జాగ్రత్త వహింపవలెను. నాట్లప్పుడు నారుకొనలు త్రుంచరాదు. ఆ గాయములగుండ క్రిమి ప్రవేశించును. యూరియాను ఒక్కమారే కుమ్మరింపక దఫాలుగా వేయవలెను. తెగులు సోకిన చేని నీటిని ప్రక్కచేనికి వదలరాదు. అనుమానము కలిగిన యెడల ఆకును కోసి గాజుగ్లాసులోని తేటనీటిలో ముంచి చూడుడు. కోసిన చోటనుండి పాలవంటి ద్రవము వెలువడినచో అది ఈ తెగులే.

ఈ కావలి ఎండాకు తెగులునకే గాని అగ్గితెగులునకును దోమకును కాదని మరువరాదు. విత్తనము తన పాలి పని తాను చేయును. మిగిలిన పాలు మనది. ఒక చేని తెగులు గాలివానతో పొరుగుచేనికి పాకును గనుక, ఈ జాగ్రత్త ఒక్కరు వహించిన చాలదు. ఆయకట్టులోని రైతులందరును కలిసి పూనుకొనవలసిన పని యిది.