వార్తల్లో పదం: మినిమం డ్యూ

క్రెడిట్ కార్డు బిల్లులో గడువులోగా తప్పనిసరిగా కట్టాల్సిన కనీస మొత్తమే ‘మినిమం డ్యూ’. ఇది కడితే ఆలస్య రుసుము పడదు. వడ్డీ మాత్రం ఆగదు. ఉదాహరణకు, 20,000 రూపాయల బిల్లులో 5 శాతం, అంటే వెయ్యి కట్టారనుకుందాం. వడ్డీ రేటు నెలకు 3.5 శాతమైతే, అంటే ఏడాదికి 42 శాతమైతే, మిగిలిన 19,000పై నెలకే 665 రూపాయల వడ్డీ పడుతుంది. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ అదనం. పైగా పాత బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. ఈ సంగతి షరతుల పత్రంలో స్పష్టంగా ఉండాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. సంతకానికి ముందే ఆ సన్నక్షరాలు చదవండి. వీలైనంతవరకు మొత్తం బిల్లు, అంటే ‘టోటల్ డ్యూ’ కట్టండి.