బండి పొగగొట్టానికి తుప్పు పడితే...

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మన తెలుగు కుటుంబాలకూ బండ్లకూ ఉన్న చుట్టరికం పాతది. దేశంలో ఇద్దరు కూర్చుని పోగల మొట్టమొదటి మోపెడ్ టి.వి.ఎస్. 50, 1980లో హోసూరు నుంచే బయలుదేరింది. అదే ఏడు అశోక్ లేలాండ్ వారి కర్మాగారం కూడా ఇక్కడ మొదలైంది. సిప్కాట్ పారిశ్రామికవాడ పుణ్యమా అని స్పానర్ పట్టడం తెలిసినవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే ఉన్నారు. అయినా సొంత బండి అడుగుభాగం వంగి చూసేవాళ్ళు మాత్రం తక్కువ. పైన అద్దంలా తుడుస్తాం. కింద వేలాడే సైలెన్సర్ సంగతి అది లారీలా గర్జించేదాకా మనకు పట్టదు.

అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఓమ్ని వ్యాను 2019లో ఆగింది. కానీ అటువంటి పాత బండ్లను ప్రాణంగా చూసుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కుప్పంలో పెళ్ళికైనా, తిరుపతి మొక్కుకైనా ఇంటిల్లిపాదీ ఆ బండిలోనే పోతారు. అటువంటివారి కోసమే ఈ నాలుగు మాటలు.

తుప్పు లోపలి నుంచే మొదలు

సైలెన్సర్‌కు తుప్పు వానవల్ల, బురదవల్ల పడుతుందని మనం అనుకుంటాం. అది సగం నిజమే. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే రమారమి ఒక లీటరు నీరు పుడుతుంది. అది ఆవిరి రూపంలో పొగతోపాటు బయటికి పోవాలి. గొట్టం బాగా వేడెక్కితే పోతుంది. చల్లగా ఉంటే ఆవిరి లోపలే నీరై డబ్బా అడుగున నిలుస్తుంది. పొగలోని ఆమ్లాలు ఆ నీటిలో కలిసి ఇనుపరేకును లోపలినుంచి తింటూ వస్తాయి. బయట చిల్లు కనబడేటప్పటికి లోపల రేకు కాగితంలా అయిపోయి ఉంటుంది.

హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. మార్గశిర, పుష్య మాసాల్లో ఉదయపు చలి మనకు కొత్త కాదు. ఆ చలిలో బండి తీసి, పిల్లలను బడిలో దింపి, పావుగంటలో ఇంటికి తిరిగివస్తే సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. లోపలి నీరు లోపలే ఉండిపోతుంది. అదే బండి అప్పుడప్పుడు కృష్ణగిరి దాకా హైవేమీద నడిస్తే ఆ తడి ఆరిపోతుంది. అందుకే ఎక్కువ తిరిగే బండికంటే ఇంటి ముందు నిలబడి, వీధి చివరిదాకా మాత్రమే పోయివచ్చే బండికి తుప్పు త్వరగా పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్మే పెట్రోలు, డీజిలులో గంధకం పదిలక్షల పాళ్ళలో 10 పాళ్ళకు మించరాదన్న నియమం వచ్చింది. దానివల్ల ఆమ్లం బెడద తగ్గింది. నీటి బెడద మాత్రం అలాగే ఉంది.

శబ్దం కాదు, విషం

సైలెన్సర్ చిల్లుపడితే శబ్దం వస్తుంది, నలుగురూ తిరిగిచూస్తారు, అంతే కదా అనుకోకండి. అసలు ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, శరీరానికి ప్రాణవాయువు మాత్రం అందదు.

కారు అడుగున చిల్లు ఉండి, నేలరేకు కూడా తుప్పుతిని ఉంటే ఆ వాయువు కూర్చునే చోటికే వస్తుంది. అద్దాలు మూసి ఏ.సి. వేసుకున్నప్పుడు మరీ ప్రమాదం. వెనుక తలుపు తెరిచి సామాను కట్టి వ్యాను నడిపితే వెనుకనుంచి పొగ లోపలికి లాక్కుంటుంది. బండిలో ఉన్నవాళ్ళకు ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం మొదలై, కిందికి దిగి గాలి పీల్చగానే తగ్గితే దాన్ని "ప్రయాణం పడలేదు" అని కొట్టిపారేయకండి. పిల్లలు, గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా దెబ్బతింటారు. వెంటనే బండి ఆపి అందరినీ దించండి. ఎవరైనా మగతగా ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, పొగ పీల్చినట్టు డాక్టరుకు చెప్పండి. ప్రాణవాయువు ఎక్కించడమే అందుకు చికిత్స.

డీజిలు బండిలో ఈ వాయువు తక్కువే. కానీ డీజిలు పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. కాబట్టి దానినీ తేలికగా తీసుకోకూడదు.

కనిపెట్టడం ఎలా?

బండి రాత్రంతా నిలిచి, గొట్టం చల్లగా ఉన్నప్పుడే చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు. గట్టి స్టాండు ఉండాలి, చక్రాలకు రాళ్ళు పెట్టాలి. జాయింట్ల దగ్గర నల్లటి మసి చార కనబడితే అక్కడ కారుతున్నట్టే. స్క్రూడ్రైవర్ పిడితో డబ్బామీద తట్టండి. ఖంగుమంటే రేకు గట్టిది. డొల్లగా పలికినా, తుప్పు పొరలు రాలినా రోజులు దగ్గరపడ్డాయన్నమాట. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజను దగ్గర టిక్ టిక్‌మని, వేడెక్కాక తగ్గితే మానిఫోల్డ్ గాస్కెట్ చూపించాలి. గొట్టాన్ని వేలాడదీసే రబ్బర్లు తెగాయేమో కూడా చూడండి. ఒక్క రబ్బరు తెగినా గొట్టం ఊగి ఊగి పగులుతుంది.

మోటారుసైకిలుకు పొగగొట్టం ఇంజనును కలిసేచోట గాస్కెట్ పోతే, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఫట్ ఫట్‌మని పేలుతుంది.

షెడ్డుకు పోయాక

రేకు గట్టిగా ఉండి చిన్న పగులైతే వెల్డింగ్ సరిపోతుంది. చుట్టూ రేకు పలచబడి ఉంటే అతుకు పక్కనే నెలలోగా ఇంకో చిల్లు పడుతుంది. అప్పుడు తుప్పు తిన్న ముక్కను గట్టి ఇనుము వచ్చేదాకా కోయించి కొత్త గొట్టం వేయించుకోవాలి, లేదా డబ్బానే మార్చాలి. క్లాంపు, పుట్టీ, చుట్టే పట్టీ షెడ్డుదాకా పోవడానికి మాత్రమే. నీళ్ళకు వాడే జి.ఐ. పైపు ముక్క వేస్తామంటే వద్దనండి. దానిపైనున్న జింకు కాలినప్పుడు వచ్చే పొగ వెల్డింగ్ చేసేవాడికే చేటు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైరు తీయించండి, పెట్రోలు ట్యాంకు ఎంత దూరాన ఉందో చూసుకోండి.

బెంగళూరు జె.సి. రోడ్డులో విడిభాగాలు చవకగా దొరుకుతాయని పోయేవారు బండి మోడలు, సంవత్సరం రాసుకుని పోవాలి. గుజరీలో పాత సైలెన్సర్ కొంటే ఇంకొకరి తుప్పును కొనుక్కున్నట్టే. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండికి దాన్ని పీకేసి ఉత్త గొట్టం బిగించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. విషవాయువును శుద్ధిచేసేది అదే.

చట్టం సంగతి

1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం ప్రకారం ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే, 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పొగ పరీక్ష సర్టిఫికెట్ బి.ఎస్. 4, 6 బండ్లకు ఏడాది, అంతకు పాతవాటికి ఆరు నెలలు చెల్లుతుంది. చిల్లుల్లోంచి బయటి గాలి కలిస్తే ఆ పరీక్షలో వచ్చే అంకెలకు విలువ లేదు. కాగితం చేతికొస్తుంది గాని, బండిలో కూర్చున్న పిల్లలకు రక్ష దొరకదు.

గోటితో పోయేదానికి గొడ్డలిదాకా తెచ్చుకోవడం ఎందుకు? ఆరు నెలలకోసారి ఆ సర్టిఫికెట్ కోసం బండి తీసేరోజే పొద్దున్నే ఒకసారి కిందికి వంగి చూడండి. ఊరికి పోయే ముందురోజు కాదు, కనీసం వారం ముందు చూసుకుంటే షెడ్డువాడికీ మనకూ తొందర ఉండదు.